కంపెనీ క్యాంటీన్‌లో చెఫ్‌గా చేస్తూ డ్రమ్స్ వాయించడం కుదురుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కావలి కుర్రాడు, 24 ఏళ్లు, చెన్నైలో ఒక స్టార్ హోటల్లో రెండేళ్లుగా కమీగా, అంటే చెఫ్ కింద జూనియర్ వంటవాడిగా చేస్తున్నాడు. కృష్ణపట్నం వైపు ఒక ప్లాంట్‌లో క్యాంటీన్ నడిపే క్యాటరింగ్ కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంటర్ నుంచి చర్చిలో డ్రమ్స్ వాయించేవాడు, హోటల్లో చేరాక స్టిక్స్ ముట్టుకోలేదు. ఇంట్లో వాళ్లేమో రెండు పడవల మీద కాళ్లు వద్దంటున్నారు. ఈ ఉద్యోగంలో చేరితే డ్రమ్స్ మళ్లీ మొదలుపెట్టగలనా, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలకు వాయించి పైన నాలుగు రాళ్లు సంపాదించగలనా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నా, ఏమనుకోకు. సూటిగా చెప్తా. ఉద్యోగంలో చేరు. డ్రమ్స్ కుదురుతుంది. ఆర్కెస్ట్రా సంపాదన మాత్రం కుదరదు, కనీసం మొదటి రెండేళ్లు దాని జోలికి పోకు. ఇంకో మాట, అందరూ టైం దొరకదని భయపడతారు గానీ ఈ రెండిట్లో నిన్ను దెబ్బకొట్టేది టైం కాదు. నీ కుడి చేతి మణికట్టు. దాని గురించి కింద రాస్తా, అది మాత్రం దాటేయకుండా చదువు.

నా సంగతి చెప్పాలి కదా. మాది నెల్లూరు, మూలాపేట. వయసు 41. ఇండస్ట్రియల్ క్యాటరింగ్‌లో 17 ఏళ్లు, అందులో 11 ఏళ్లు ముత్తుకూరు, కృష్ణపట్నం వైపే. ఇప్పుడు ఒక పూటకు 900 మందికి వండే కిచెన్‌కి హెడ్‌ని. డ్రమ్స్ విషయానికొస్తే నేను గొప్పవాడినేం కాదు. స్కూల్లో ఆగస్టు 15 పెరేడ్‌కి సైడ్ డ్రమ్ కొట్టడంతో మొదలు, ఆ తర్వాత మా వీధి చివర చర్చిలో వాయించే ఒక అన్న డ్రమ్ కిట్ మీద కూర్చోబెట్టాడు. పాతికేళ్లుగా ఆగుతూ సాగుతూ వాయిస్తున్నా. నలుగురం స్నేహితులం కలిసి నెలకు రెండుసార్లు వాయించుకుంటాం, ఎప్పుడైనా ఒక ప్రోగ్రాం. అంతే.

హోటల్లో నీకు డ్రమ్స్ ఎందుకు పోయిందో నీకే తెలుసు. హోటల్ బతికేదే సాయంత్రాలూ, శని ఆదివారాలూ, పండగల మీద. బ్యాండ్ వాళ్లు కలిసేదీ అప్పుడే. ఊరంతా ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు పొయ్యి ముందు ఉంటావు. కంపెనీ క్యాంటీన్ అలా కాదు. ఎంతమంది తింటారో ముందే తెలుసు, ఏం వండాలో వారం మెనూలో ఉంది, ఎన్ని గంటలకు కౌంటర్ తెరవాలో సైరన్ చెబుతుంది. రాత్రి 11కి ఎవడో వచ్చి బిర్యానీ ఉందా అని అడగడు. వంటపనిలో ఇంటికెళ్లే టైం ముందే చెప్పగలిగిన శాఖ ఏదైనా ఉంటే అది ఇదే. కాకపోతే ప్లాంట్ ఏడు రోజులూ నడుస్తుంది, ఐటీ కంపెనీ కెఫెటేరియాలాగా శని ఆదివారాలు మూతపడదు. వీక్లీ ఆఫ్ రొటేషన్ మీద వస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. మూడు షిఫ్టుల ప్లాంట్‌లో కిచెన్ కూడా మూడు షిఫ్టులు. మధ్యాహ్నం షిఫ్ట్‌లో పడితే రాత్రి పదకొండింటికి ఇల్లు, డ్రమ్స్ అయిపోయినట్టే. నైట్ షిఫ్ట్ పడితే ఒళ్లు గుల్లవుతుంది. మిగిలింది తెల్లవారుజాము షిఫ్ట్. ఏడింటికి టిఫిన్ కౌంటర్ తెరవాలంటే నాలుగున్నరకల్లా సాంబార్‌కి పప్పు ఉడకాలి, అంటే నెల్లూరులో మూడున్నరకి బస్సెక్కాలి. ఈ షిఫ్ట్ అంటే అందరికీ అసహ్యం. పెళ్లయినవాళ్లు వద్దంటారు, కుర్రాళ్లు రాత్రిళ్లు ఫోన్ చూస్తూ లేవలేరు. నువ్వు అదే అడుగు. నోరు తెరిచి, పర్మనెంట్‌గా నాకే ఇవ్వమని అడుగు. మేనేజర్ నీకు దండం పెడతాడు. ఎందుకంటే రోజూ తెల్లవారుజామున ఎవడు వస్తాడో ఎవడు ఎగ్గొడతాడో అన్నదే వాడి టెన్షన్. నువ్వు మధ్యాహ్నం ఒకటిన్నర రెండింటికి బయటపడతావు, ఇంటికొచ్చి ఒక గంటన్నర పడుకుంటావు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది నీది. తొమ్మిదికి దీపాలార్పి పడుకోవాలి, దానికి మాత్రం మినహాయింపు లేదు. నేను పదేళ్లుగా ఇలాగే ఉన్నా. మా ఇంటికి చుట్టాలొస్తే రాత్రి తొమ్మిదికే పడుకున్నానని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

ఆర్కెస్ట్రా ఎందుకు వద్దన్నానో నా బుద్ధి తక్కువ పనితోనే చెప్తా.

ఎనిమిదేళ్ల కిందట, వైశాఖం, మంచి ముహూర్తాల రోజులు. కోవూరులో పెళ్లి. ఆర్కెస్ట్రాలో ప్యాడ్ (డ్రమ్స్ బదులు వాడే ఎలక్ట్రానిక్ వాయిద్యం) వాయించే అతనికి జ్వరం వచ్చిందని సాయంత్రం నాలుక్కి ఫోన్. 1500 ఇస్తామన్నారు. డబ్బు కంటే, మంది ముందు వాయించి చాలా రోజులైందన్న యావ. వెళ్లా. పది పదిన్నరకి అయిపోతుందన్నది ఒకటిన్నర దాకా సాగింది. పెళ్లికొడుకు స్నేహితులు స్టేజి దిగరు, పాట ఆపనివ్వరు. ఇంటికి చేరేసరికి రెండుంబావు. పడుకుంటే లేవలేనని కుర్చీలో కూర్చుని, మూడున్నరకి బస్సెక్కి, బస్సులో తల కిటికీకి కొట్టుకుంటూ వెళ్లా.

టిఫిన్ ఎలాగో గడిచింది. పదిన్నరకి రసం. 70 లీటర్లు. చింతపండు, టమాటా మరిగి పైకి పొంగుతోంది, ఉప్పు తూచి నేనే వేశా, రుచి చూశా, బాగుంది. అటు తిరిగి పప్పు వైపు వెళ్లా. రోజూ రసంలో ఉప్పు వేసేది మా హెల్పర్. వాడు ఉప్పు గిన్నె పట్టుకుని వచ్చి "సార్, రసంలోకి ఉప్పు" అన్నాడు. నేను తల కూడా ఎత్తకుండా "వెయ్‌రా" అన్నా. వాడు వేశాడు. మళ్లీ ఎవరూ రుచి చూడలేదు, చూడాల్సింది నేను, చూసేశానన్న ధీమాలో ఉన్నా. పన్నెండుకి ఐదు నిమిషాలు ఉందనగా కౌంటర్‌లో వడ్డించే అమ్మ ఒక చుక్క నాలిక మీద వేసుకుని "ఏంది సార్ ఇది, సముద్రం నీళ్లు తెచ్చి పోశారా" అంది.

బంగాళాదుంపలు వేస్తే ఉప్పు లాగేస్తుందని ఎవరో ఒకరు చెబుతారు, నమ్మకు. దుంప ఉప్పునే ఏరుకుని లాగదు, ఉప్పునీళ్లను పీల్చుకుంటుంది, అంతే. ఆ రోజు సగం రసం పారబోసి, ఉన్న టమాటాలన్నీ మిక్సీకి వేసి, వేడినీళ్లు కలిపి మరిగించి, కొత్తగా పోపు పెట్టేసరికి 12:20. అప్పటికి తినేసి వెళ్లిన రెండు బ్యాచ్‌లకు రసం లేదు. సాయంత్రం క్యాంటీన్ కమిటీ మీటింగ్‌లో దాని మీద పావుగంట మాట్లాడారు. మేనేజర్ నన్ను ఒక్క మాట అనలేదు, రిజిస్టర్‌లో నా చేతే రాయించాడు. తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచి ఒకటే రూలు పెట్టుకున్నా: మర్నాడు వీక్లీ ఆఫ్ అయితేనే బయట వాయిస్తా. ఇంకేం కారణం చెప్పినా, ఎంత ఇస్తామన్నా రాను.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నీకు ముందే తెలియాలి. నువ్వు వాయించేది చర్చిలో ఫుల్ కిట్. మన వైపు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో కిట్ మోసుకొచ్చేవాళ్లు తక్కువ. రిథమ్ ప్యాడ్, అంటే రోలాండ్ ఆక్టోప్యాడ్ లాంటిది ఒకటి స్టాండ్ మీద పెడతారు, పక్కన కాలితో కొట్టే కిక్ పెడల్ ఒకటి. అందులోనే తబలా, ఢోలక్, డప్పు, తాషా సౌండ్లు లోడ్ చేసుకుంటారు. అది వాయించడం వేరే విద్య. కిట్ మీద చేతులతో పాటు కాళ్లు కూడా పనిచేస్తాయి, ప్యాడ్ మీద పాటపాటకీ సెట్టింగ్ మారుస్తూ ఏ గడిలో ఏ సౌండ్ ఉందో కంఠతా ఉండాలి. కిట్ వచ్చు కదా అని పోతే మొదటి పాటలోనే ఢోలక్ పడాల్సిన చోట విజిల్ సౌండ్ పడుతుంది. నాకు పడింది.

ఇప్పుడు మణికట్టు. ఏడేళ్ల కిందట కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన సన్నగా నొప్పి మొదలైంది. బాటిల్ మూత తిప్పితే నొప్పి, గరిటె ఎత్తితే నొప్పి. అమ్మ "రేయ్, ఆ చేతికి కాస్త విశ్రాంతి ఇయ్యరా" అని రోజూ అనేది. నేను జండూబామ్ రాసుకుంటూ మూడు నెలలు లాగా. చివరికి ఎముకల డాక్టర్ దగ్గరికెళ్తే, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమని, ఆ పిడికిలిని చిటికెన వేలి వైపుకు వంచమన్నాడు. వంచితే ప్రాణం పోయినంత పనైంది. బొటనవేలిని కదిలించే స్నాయువు (టెండన్) దాని తొడుగులో వాచి ఇరుక్కుందన్నాడు, అదే పని మళ్లీ మళ్లీ చేసేవాళ్లకి వస్తుందట. ఆరు వారాలు బొటనవేలికి పట్టీ. అంటే ఆరు వారాలు వంటా లేదు, డ్రమ్మూ లేదు. కిచెన్‌లో క్లిప్‌బోర్డు పట్టుకుని తిరిగా. (నీకు నొప్పి వస్తే ఇది చదివి అదే జబ్బని నువ్వే తేల్చుకోకు, డాక్టర్‌కి చూపించు.)

ఎందుకొచ్చిందో ఇంట్లో ఖాళీగా కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. పొడుగు గరిటెతో పెద్ద డేక్షాలో కలిపేటప్పుడు బొటనవేలితో కాడని నొక్కిపట్టేవాణ్ణి. కత్తి మొద్దుగా ఉంటే ఇంకా గట్టిగా నొక్కేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి స్టిక్‌ని కూడా అలాగే, ఎక్కడ జారిపోతుందోనని బిగబట్టేవాణ్ణి. మూడు చోట్లా ఒకటే స్నాయువు, ఒకటే పట్టు, రోజుకు పది గంటలు. మామూలు వంటవాడికి సాయంత్రం ఆ చేయి సెలవు తీసుకుంటుంది. మామూలు డ్రమ్మర్‌కి పగలు తీసుకుంటుంది. మనకు రెండూ లేవు.

అందుకని మార్చుకున్నవి ఇవీ. పెద్ద డేక్షాలో తెడ్డు రెండు చేతులతో పట్టుకుంటా, భుజం, నడుం కదలాలి, మణికట్టు కాదు. కత్తి రోజూ పదును. 40 కిలోల ఉల్లిపాయలు కట్టింగ్ మెషీన్‌కే, చేత్తో తరిగి గొప్పలు పోవడం మానేశా. డ్రమ్స్‌లో అయితే స్టిక్ పట్టుకోవడం మొదటినుంచీ నేర్చుకున్నా. బొటనవేలు, చూపుడువేలు మధ్య తిరగలి ఇరుసులాగా వదులుగా ఉండాలి, మిగతా వేళ్లు ఊరికే తోడుండాలి. డ్రమ్ చర్మం మీద పడ్డ స్టిక్ తనంతట తానే పైకి లేస్తుంది, దాన్ని నువ్వు ఎత్తక్కర్లేదు, అడ్డుపడకుండా ఉంటే చాలు. ఇది అర్థం కావడానికి నాకు 34 ఏళ్ల వయసూ, ఒక పట్టీ కావాల్సొచ్చాయి. ఇంకోటి, బరువులెత్తి వచ్చిన గంటలోపు స్టిక్స్ పట్టుకోను.

బొబ్బల సంగతి. డ్రమ్స్ మళ్లీ మొదలుపెట్టగానే నీ వేళ్లకు బొబ్బలొస్తాయి, పగులుతాయి. మిగతా వాళ్లకు అది చిన్న విషయం, మనకు కాదు. పగిలిన పుండులో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, అది అన్నంలోకో పెరుగులోకో చేరి పెరిగిందంటే అది వదిలే విషం మళ్లీ కాచినా పోదు, ఒక పూటకే వందలమంది వాంతులు చేసుకుంటారు. కాబట్టి పుండు ఉంటే వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసి, పైన గ్లౌజ్ వేసుకో, సూపర్‌వైజర్‌కి చెప్పు, ఆ రోజు వడ్డన, చల్లటి పదార్థాలు కలపడం వేరేవాళ్లకి ఇవ్వమను. కిచెన్‌లో నీలం రంగు ప్లాస్టర్ ఎందుకు పెడతారో తెలుసుగా, ఊడి కూరలో పడితే కనబడాలని. నేను మొదటి మూడు వారాలు రోజుకు 20 నిమిషాలకు మించకుండా వాయించా, బొబ్బ రాకుండానే చర్మం గట్టిపడింది. ఒకేరోజు మూడు గంటలు వాయించేవాడికే బొబ్బలు.

చెవులు కూడా. కిచెన్‌లో ఎగ్జాస్ట్ బ్లోయర్, గ్రైండర్లు, స్టీలు పాత్రల మోత రోజంతా ఉంటుంది, అలవాటైపోయి మనకు వినబడదు. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలు హద్దు అనుకుంటే, మూడు డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ టైం సగానికి పడిపోతుందని ఒక లెక్క. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. చిన్న గదిలో అసలు కిట్ గట్టిగా కొడితే 100 దాటడం పెద్ద పని కాదు. పగలు చెవులకు సెలవు లేదు కాబట్టి, కిట్ మీద కూర్చుంటే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాల్సిందే. రాత్రి పడుకున్నప్పుడు చెవిలో కీచుమంటుంటే ఆ వారం కిట్ ముట్టకు.

ఇంట్లో ప్రాక్టీస్ ఎలా? కిట్ కొనకు. ఒక రబ్బర్ ప్యాడ్, ఒక జత 5ఏ స్టిక్స్, ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం తప్పకుండా టిక్ టిక్‌మనే) యాప్. మొదటి ఏడాదికి ఇవి చాలు. ప్రపంచవ్యాప్తంగా వాడే లిస్టులో 40 రూడిమెంట్లు, అంటే డ్రమ్స్ ప్రాథమిక పాఠాలు ఉన్నాయి, అవన్నీ చూసి బెదిరిపోకు. సింగిల్ స్ట్రోక్, డబుల్ స్ట్రోక్, పారడిడిల్, ఫ్లామ్, ఈ నాలుగూ నిమిషానికి 60 బీట్ల స్పీడ్‌లో శుభ్రంగా వస్తే నువ్వు చర్చిలో వాయించినదానికంటే బాగా వాయిస్తావు. పారడిడిల్ అంటే కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. స్టాఫ్ బస్సులో తొడల మీద నేను రోజూ చేసేది అదే. ముప్పావు గంట ప్రయాణం, పక్కన కూర్చునే వెల్డర్ మొదట్లో నాకేదో వణుకుడు జబ్బనుకున్నాడు.

ఎలక్ట్రానిక్ కిట్ అయితే సౌండ్ ఉండదు కదా అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకునే వేదాయపాళెంలో మేడ మీద అద్దెకున్నప్పుడు సెకండ్ హ్యాండ్‌ది ఒకటి తెచ్చా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా లోకంలో నేను వాయిస్తున్నా. మూడో రోజు కింద ఓనరమ్మ వచ్చి, "బాబూ, రోజూ ఈ టైంకి రోట్లో ఏం దంచుతున్నావు?" అని అడిగింది. చేతులతో కొట్టేది వినబడదు గానీ కిక్ పెడల్ కొట్టే దెబ్బ నేల గుండా కింది గదికి దిగిపోతుంది. రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య టెన్నిస్ బంతులు సగం కోసిపెట్టి, దాని మీద కిట్ నిలబెడితే చాలావరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. పండక్కి మలైకాజాలు తీసుకెళ్లి ఇచ్చా, దానితో ఇంకొంచెం తగ్గింది. ఒకవేళ ఎప్పుడైనా అసలు కిట్ కొంటే, మన తీరం గాలికి సింబల్స్ (కిట్‌లోని కంచు పళ్లేలు) ఆకుపచ్చగా మారతాయి, స్టాండ్లు తుప్పు పడతాయి, వాయించాక చెమట చేతుల మరకలు పొడిగుడ్డతో తుడిచి కప్పి ఉంచు.

డ్రమ్స్ వల్ల వంటకు లాభమా అని నువ్వు అడగలేదు గానీ చెప్తా, ఎందుకంటే దీని మీద జనం చాలా అందంగా మాట్లాడతారు, పోపు చిటపటల్లో లయ ఉందనీ అదనీ. నాకైతే వంటలో ఏమీ పనికిరాలేదు. పనికొచ్చింది కౌంటర్ దగ్గర. 900 మంది, నాలుగు కౌంటర్లు, భోజనానికి 45 నిమిషాలు. అంటే కౌంటర్‌కి 225 మంది, ఒక్కో ప్లేటుకు 12 సెకన్లు. ఆ 12 సెకన్లలో అన్నం, పప్పు, వేపుడు, సాంబార్, పెరుగు పడాలి. ఎక్కడో ఒకచోట ఒక చేయి ఒక సెకను ఆలస్యమైతే పావుగంటలో లైను గుమ్మం దాటి బయటికి వస్తుంది. మా మేనేజర్‌కి లైను బయటికొచ్చాకే తెలుస్తుంది. నాకు లోపల కళ్లు మూసుకున్నా తెలుస్తుంది, గరిటె ప్లేటుకి తగిలే చప్పుడు సాగుతుంటుంది, పాటలో డ్రమ్మర్ వెనకబడినట్టు. నూటికి తొంభైసార్లు కారణం వేపుడు దగ్గర ఉంటుంది. బెండకాయ ముక్కలు గరిటెకి అంటుకుని దులపాల్సి రావడమో, చికెన్ రోజున "ఇంకో ముక్క వెయ్ అన్నా" అనే బేరమో. చికెన్ రోజున ముందే తూచి కప్పుల్లో పెట్టిస్తా. బేరం పోయింది.

హోటల్ నుంచి వచ్చేవాళ్లకి ఈ వంట మొదట్లో చప్పగా అనిపిస్తుంది. ఒక ఉదాహరణ చెప్తా. నెల్లూరు కిచెన్ అంటే అందరూ చేపల పులుసు అడుగుతారు. 900 మందికి అది కుదరదు, ముక్క విరుగుతుంది, ముల్లు గొంతులో పడుతుంది, తల ముక్క వచ్చినవాడు గొడవపడతాడు. గెస్ట్ హౌస్‌లో 60 మందికి నెలకోసారి చేస్తాం. అక్కడా ఒక చిక్కు ఉంది. చేపల పులుసు రాత్రి చేసి మర్నాడు తింటేనే రుచి, ఇది మా అవ్వ మాట. రాత్రి వండింది పొద్దున పెట్టకూడదు, వేడిగా పెట్టేది 60 డిగ్రీలకు పైనే ఉండాలి, ఇది ఫుడ్ సేఫ్టీ ఆడిటర్ మాట. ఇద్దరిలో ఎవరికీ ఎదురు చెప్పలేం. కాబట్టి తెల్లవారుజామున మామిడికాయ, చింతపండు వేసి పులుసు ఒక్కటీ చిక్కగా కాచి, సన్నసెగ మీదే వేడి దిగకుండా ఉంచుతా. పదకొండింటికి వెడల్పు డేక్షాల్లోకి పంచి ముక్కలు పరుస్తా, లోతు గిన్నె అయితే అడుగు ముక్కలు చితికిపోతాయి. ఆ తర్వాత గరిటె పెట్టేది లేదు. ఇద్దరు చెరో చెవి పట్టుకుని డేక్షాని నెమ్మదిగా తిప్పుతారు, ముక్క కదిలినట్టు కనబడాలి గానీ దొర్లకూడదు. పులుసు అంచున నూనె తేలగానే దించేస్తాం. ఇది నీకు ఏ స్టార్ హోటల్లోనూ నేర్పరు.

లీవుల విషయంలో జాగ్రత్త. పండగలు కాదు, షట్‌డౌన్ చూసుకో. ప్లాంట్‌లో ఏడాదికోసారి యూనిట్ ఆపి ఓవర్‌హాలింగ్ చేస్తారు, ఆ నెల బయటినుంచి కాంట్రాక్ట్ లేబర్ వందల్లో దిగుతారు. ఒడిశా, బీహార్, యూపీ వాళ్లు, అన్నం వద్దు రోటీ కావాలంటారు, మెషీన్ మీద రెండు వేల రోటీలు. ఆ నెలలో లీవ్ అడిగితే నీ మొహం కూడా చూడరు. మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం, ఆ వారమంతా గెస్టులు, మీటింగులు, స్వీట్లు. ఈ తేదీలు ముందే తెలుసుకుని నీ బ్యాండ్ వాళ్లకు ఏడాది మొదట్లోనే చెప్పేయ్. వస్తానని రాకపోయే డ్రమ్మర్‌ని ఎవరూ రెండోసారి పిలవరు, గిటార్ లేకపోయినా పాట నడుస్తుంది గానీ మనం లేకపోతే రిహార్సలే లేదు.

కంపెనీ యాన్యువల్ డే నాడు హెచ్‌ఆర్ వాళ్లు వచ్చి "మీరు డ్రమ్స్ వాయిస్తారట కదా" అంటారు. ఆ రోజు భోజనం మనదే కాబట్టి వాయించనని చెప్పు. ఒకసారి ఒప్పుకున్నా. స్టేజి మీద ఉండగా హెల్పర్ కిందనుంచి మూత తీయమంటారా వద్దా అని చేతులూపుతున్నాడు, నాకు అర్థం కాక తల ఊపా. బిర్యానీ దమ్ము అరగంట ముందే పోయింది.

ఉద్యోగం గురించి ఒక హెచ్చరిక, ఇది డ్రమ్స్ కంటే ముఖ్యం. నువ్వు చేరేది కంపెనీలో కాదు, కాంట్రాక్టర్ దగ్గర. గేటు మీద పేరు పెద్దదే ఉంటుంది, నీ జీతం ఇచ్చేది వేరేవాడు. టెండర్ ఏడాదికో రెండేళ్లకో మారుతుంది, కొత్త కాంట్రాక్టర్ పాతవాళ్లను తీసుకుంటే తీసుకుంటాడు, లేకపోతే లేదు. నాకు 11 ఏళ్లలో నలుగురు మారారు. కాబట్టి పీఎఫ్ ఖాతాలో నెలనెలా డబ్బు పడుతోందా అని ఫోన్‌లో చూసుకుంటూ ఉండు. జీతం 21 వేలలోపు అయితే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) రావాలి, కార్డు అడిగి తీసుకో. నా మణికట్టు రోజుల్లో ఆ కార్డు లేక చేతిలోంచి పెట్టుకున్నా, అప్పటి కాంట్రాక్టర్ నా జీతంలో కోసుకున్నాడు గానీ కట్టలేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వాళ్ల ఫోస్టాక్ ట్రైనింగ్ ఒకటి ఉంటుంది, ఒకరోజుతో అయిపోతుంది, సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఇస్తారు. 25 మంది పనివాళ్లకు అలాంటివాడు ఒకడైనా ఉండాలంటారు కాబట్టి కాంట్రాక్టర్ మారినా ఆ సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి అంత తేలిగ్గా వదులుకోరు. చేరిన మూడు నెలల్లో అది చేసెయ్.

చర్చిలో మళ్లీ వాయించాలనుందో లేదో నువ్వు రాయలేదు గానీ, ఆదివారం ఆరాధనలో వాయించాలని ఉంటే ఆఫ్ ఆదివారమే కావాలని అడగాల్సి వస్తుంది, అందరూ అడిగేదీ అదే. తెల్లవారుజాము షిఫ్ట్ నువ్వు తీసుకున్నావనుకో, నెలలో రెండు ఆదివారాలైనా అడిగే హక్కు వస్తుంది. అది చేరే ముందే మాట్లాడుకో, చేరాక కాదు.

ఆఫర్ లెటర్ వచ్చాక అందులో షిఫ్ట్ గురించి ఏం రాశారో, అసలు రాశారో లేదో చూసి ఇక్కడే చెప్పు. "మేనేజ్‌మెంట్ నిర్ణయించిన షిఫ్టులు" అని మాత్రమే ఉంటే ఒక ఈమెయిల్ ఎలా పెట్టాలో నేను రాసిస్తా.